అతిశుద్ధ ఆక్సైడ్ స్ఫటికాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ముడిపదార్థం 99.999 శాతం శుద్ధమైతే స్ఫటికమూ అంతే శుద్ధం.

ఆ తొమ్మిదులు సాధారణంగా లెక్కపెట్టేది పరాయి లోహాలను. ఆక్సిజన్ నిష్పత్తి గురించి అవి ఏమీ చెప్పవు. మా పనిలో సగం తలనొప్పి అక్కడే. నికెల్, ఆక్సిజన్ సరిసమానంగా ఉన్న నికెల్ ఆక్సైడ్ ఆకుపచ్చగా ఉంటుంది, కరెంటును దాదాపు పోనివ్వదు. కొన్ని నికెల్ పరమాణువులు లోపించాయా, నల్లబడి విద్యుత్తును మోస్తుంది. పరాయి మూలకం ఒక్కటీ చేరకుండానే! టైటానియం డయాక్సైడ్‌ది ఇందుకు ఎదురు దారి: శూన్యంలో బాగా కాల్చితే ఆక్సిజన్ పోగొట్టుకుని నీలంగా మారుతుంది. మామూలు పీడనం వద్ద ఐరన్ మోనాక్సైడ్ అయితే సరైన నిష్పత్తిలో దొరకనే దొరకదు, ఎప్పుడూ కొంత ఇనుము తక్కువే.

మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్ ఇంకా సున్నితం. దాదాపు 120 కెల్విన్‌కు చల్లబరిస్తే దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా సుమారు 100 రెట్లు పెరుగుతుంది. దీనిని వెర్వే మార్పు అంటారు. ఆక్సిజన్ కాస్త అటూ ఇటూ అయినా గ్రాఫులోని ఆ మెట్టు ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకు జారుతుంది, లేదా మొద్దుబారుతుంది. అందుకే నేను శుద్ధత ధ్రువపత్రం కంటే ముందు, ఉష్ణోగ్రతతో నిరోధం ఎలా మారిందో చూపే ఈ గ్రాఫు చూపించమంటాను.

అపోహ: ఆక్సైడ్లన్నీ విద్యుద్బంధకాలే.

రీనియం ట్రైఆక్సైడ్ లోహాలకు దీటైన వాహకం. వెనేడియం డయాక్సైడ్ సుమారు 68 డిగ్రీల సెల్సియస్ దాటగానే లోహంలా ప్రవర్తిస్తుంది. నిజానికి వింత నికెల్ ఆక్సైడ్‌దే. ఎలక్ట్రాన్లకు దొరికే శక్తి పట్టీలను బట్టి ఏది వాహకమో చెప్పే సాధారణ పట్టీ సిద్ధాంతం (బ్యాండ్ థియరీ) ప్రకారం అది వాహకం కావాలి, కాదు. 1937లో శాస్త్రవేత్తలు డి బోర్, వెర్వే ఈ చిక్కును ఎత్తిచూపారు. ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి నెట్టుకోవడమే కారణమన్న వివరణకు భౌతిక శాస్త్రవేత్త నెవిల్ మాట్ పేరు స్థిరపడింది.

అపోహ: అయస్కాంతానికి అంటుకోకపోతే అయస్కాంతత్వం లేనట్టే.

మాంగనీస్ ఆక్సైడ్‌లో సుమారు 118 కెల్విన్ కింద అయస్కాంత భ్రామకాలు (పరమాణువుల చిన్న చిన్న అయస్కాంతాలు) ఎదురెదురుగా వరుసకట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బయటికి ఏమీ కనిపించదు. 1949లో షల్, స్మార్ట్ అనే శాస్త్రవేత్తలు న్యూట్రాన్లతో ఆ వరుసను పట్టుకున్నారు.

అపోహ: పరికరం సంకేతం చూపిస్తే స్ఫటికం అయస్కాంతమే.

ఇది అనుభవజ్ఞులను కూడా బోల్తా కొట్టిస్తుంది. హాఫ్నియం ఆక్సైడ్ పలుచని పొరల్లో అయస్కాంతత్వం ఉందని 2004లో ఒక పరిశోధన ప్రకటించింది. స్టీలు పట్టకారు అంటించే మరకలు కూడా అలాంటి సంకేతాన్ని ఇవ్వగలవని మరుసటి ఏడాది మరో బృందం చూపింది. కాబట్టి ప్లాస్టిక్ పట్టకారు వాడండి. నమూనా పెట్టకుండా, దాన్ని పట్టి ఉంచే ఖాళీ హోల్డర్‌ను కూడా ఒకసారి కొలవండి. బలహీనమైన సంకేతం ఎంత ముచ్చటగా కనిపించినా, ఈ రెండూ చేయని ఫలితాన్ని నేను నమ్మను.