పేరు కొట్టేస్తే సరిపోతుందా?

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో మరణాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి చనిపోయినవాళ్ల జాబితా అడిగి తీసుకున్నాడు. మూడు రోజుల్లో 83 మరణాలు. చిరునామాలు పట్టుకుని తిరిగితే, దాదాపు అన్ని ఇళ్లూ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు దగ్గర్లోనే ఉన్నాయి. మొత్తం ఎంతమంది పోయారో ఒక్క అంకె చెప్పి పంపేసి ఉంటే, కలరా ఆ పంపు నీళ్లతో వస్తోందన్న జాడ దొరికేది కాదు. ముడి డేటా, అంటే మొత్తాలు కట్టని విడివిడి వివరాల గొప్పదనం ఇదే. దాన్ని రాసిపెట్టినవాళ్లకు తట్టని ప్రశ్న మరొకరికి తడుతుంది.

అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసే భూమి చిత్రాలు ఒకప్పుడు ఒక్కోటి వందల డాలర్లు. 2008లో వాటిని ఉచితం చేశారు. 2013కల్లా శాస్త్రవేత్తలు 6.5 లక్షలకు పైగా చిత్రాలు కలిపి, భూమ్మీద అడవి ఎక్కడెక్కడ తరిగిపోయిందో మ్యాప్ గీశారు. కొనుక్కోవాలంటే ఎవరి తరమయ్యేది?

ముడి డేటాలో తప్పులుంటాయి, జనం అపార్థం చేసుకుంటారు అని అధికారులు అంటుంటారు. దాచడానికి అది కారణం కాదని నా గట్టి నమ్మకం. నలుగురూ చూస్తేనే తప్పులు బయటపడతాయి. నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది.

1990లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను, పేర్లు తీసేసి, పరిశోధకులకు ఇచ్చారు. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్ కోడ్ మాత్రం అందులో ఉండిపోయాయి. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి అక్కడి కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొంది. అందులో అవే వివరాలు పేర్లతో సహా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ ఉండేది ఆ ఊళ్లోనే. ఆయన పుట్టిన తేదీన పుట్టినవాళ్లు ఆ ఊళ్లో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్ కోడ్‌లో ఒక్కరే. అంతే, ఆయన ఆసుపత్రి చిట్టా ఆమె చేతిలో ఉంది! ఆ మూడు వివరాలు చాలు, అమెరికాలో దాదాపు 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని ఆమె తర్వాత లెక్క తేల్చింది. ఏ ఫైలుకు ఆ ఫైలు చూస్తే హాని లేదు. రేపు దాని పక్కన ఏ జాబితా వచ్చి చేరుతుందో విడుదల చేసేవాళ్లకు తెలియదు, చిక్కంతా అక్కడే.

అందుకే 2020 జనాభా లెక్కల్లో అమెరికా కొన్ని అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ జరిపి విడుదల చేసింది. రాష్ట్రాల జనాభా మొత్తాలను మాత్రం ముట్టుకోలేదు. దెబ్బ తిన్నది వీధి స్థాయి లెక్కలు. స్నోకు పనికొచ్చింది సరిగ్గా అలాంటి లెక్కే.