గ్రెనడా: ఒక రన్‌వే చుట్టూ తిరిగిన విదేశాంగ చరిత్ర

2025 అక్టోబర్ 9న గ్రెనడా ప్రభుత్వం ఒక చిన్న ప్రకటన ఇచ్చింది. దేశంలోని ప్రధాన విమానాశ్రయంలో తాత్కాలికంగా రాడార్ పరికరాలు పెట్టుకుంటామని, వాటితో పాటు తమ సాంకేతిక సిబ్బందిని కూడా ఉంచుతామని అమెరికా అడిగిందట. ఆ కోరికను పరిశీలిస్తున్నామని ప్రకటన సారాంశం. అప్పటికే అమెరికా యుద్ధనౌకలు కరీబియన్ సముద్రంలో మోహరించి ఉన్నాయి. మాదకద్రవ్యాలు రవాణా చేస్తున్నాయంటూ పడవల మీద దాడులు జరుగుతున్నాయి. గ్రెనడా నుంచి వెనిజువెలా తీరం దాదాపు 160 కిలోమీటర్లు. అమెరికా ఎందుకు అడిగిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే గ్రెనడా జనానికి ఆ వార్త గుచ్చుకున్నది వెనిజువెలా వల్ల మాత్రమే కాదు, ఆ విమానాశ్రయం వల్ల. దాని పేరు మారిస్ బిషప్ అంతర్జాతీయ విమానాశ్రయం. 1983లో ఈ రన్‌వే ఫొటోనే టీవీలో చూపించి, ఇది మా భద్రతకు ముప్పు అని అమెరికా అధ్యక్షుడు తన ప్రజలకు చెప్పాడు. ఏడు నెలల తర్వాత ఆయన సైనికులు దిగింది కూడా దీని మీదే. నలభై రెండేళ్ళకు అదే దేశం అదే రన్‌వే పక్కన కాస్త చోటు అడిగింది.

గ్రెనడా విస్తీర్ణం 344 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో రెండు మండలాలకు మించదు. జనాభా లక్ష పైచిలుకు. జెండా మీద జాజికాయ ఉంటుంది, ఎందుకంటే చాలాకాలం జాజికాయ ఎగుమతిలో ఇండొనేషియా తర్వాత స్థానం ఈ దీవిదే. మొదట ఫ్రెంచి వాళ్ళు, 1763 నుంచి బ్రిటిష్ వాళ్ళు, మధ్యలో నాలుగేళ్ళు మళ్ళీ ఫ్రెంచి వాళ్ళు, చివరికి బ్రిటన్. బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి మనవాళ్ళను కూడా తీసుకెళ్ళారు. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీలు అక్కడ దిగారు. 1974 ఫిబ్రవరి 7న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

మొదటి ప్రధాని ఎరిక్ గెయిరీ తోట కూలీల సంఘం నుంచి ఎదిగిన మనిషి. అధికారంలోకి వచ్చాక ఆ కూలీల బిడ్డల మీదకే గూండాల ముఠాను ఉసిగొల్పాడు. విదేశాల్లో ఆయనకు దగ్గరైనవాళ్ళలో చిలీ నియంత పినోషే ఒకడు. ఐక్యరాజ్యసమితిలో గెయిరీ పట్టుబట్టి లేవనెత్తిన విషయం ఎగిరే పళ్ళాల పరిశోధన. 1979 మార్చి 13న ఆయన న్యూయార్క్‌లో ఉండగా, ఇక్కడ న్యూ జువెల్ మూవ్‌మెంట్ అనే వామపక్ష పార్టీ యువకులు సైనిక శిబిరాన్ని, రేడియో స్టేషన్‌ను పట్టుకుని ప్రభుత్వాన్ని కూల్చేశారు. వాళ్ళ నాయకుడు మారిస్ బిషప్‌కు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివాడు. స్వాతంత్ర్యానికి రెండు వారాల ముందు జరిగిన నిరసనల్లో, గెయిరీ పోలీసుల చేతిలో ఆయన తండ్రి చనిపోయాడు.

కొత్త ప్రభుత్వానికి నెల తిరక్కుండానే అమెరికాతో చెడింది. గెయిరీ కిరాయి సైనికులతో తిరిగొస్తాడన్న భయంతో బిషప్ ఆయుధాల కోసం చూస్తున్నాడు. క్యూబాతో సంబంధాలు పెట్టుకుంటే తమకు నచ్చదని అమెరికా రాయబారి ఫ్రాంక్ ఒర్టిజ్ హెచ్చరించాడు. తామిచ్చే సాయం సంగతి మాట్లాడుతూ అయిదు వేల డాలర్లు ఇవ్వగలమన్నాడని బిషప్ తర్వాత చెప్పాడు. ఏప్రిల్ 13న రేడియోలో ఆయన ఇచ్చిన జవాబు ఇప్పటికీ కరీబియన్ అంతా గుర్తుంచుకున్న మాట: మేము ఎవరి పెరడూ కాదు, మేము అమ్మకానికీ లేము. మర్నాడే క్యూబాతో దౌత్య సంబంధాలు మొదలయ్యాయి.

ఆ మాట మీద నాకు గౌరవముంది. అందుకే 1980 జనవరిలో బిషప్ ప్రభుత్వం వేసిన ఓటు మింగుడుపడదు. అఫ్ఘానిస్తాన్ నుంచి విదేశీ సేనలు వెళ్ళిపోవాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వచ్చినప్పుడు, గ్రెనడా సోవియట్ యూనియన్ పక్కన నిలబడి వ్యతిరేకంగా ఓటేసింది. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలన్నింటిలో క్యూబా తప్ప ఇంకెవరూ అలా వేయలేదు. నికరాగువా తటస్థంగా ఉంది, భారత్ కూడా తటస్థంగానే ఉంది. ఎవరి పెరడూ కాదన్న దేశం, ఇంకో దేశం పెరట్లోకి పెద్ద సైన్యం జొరబడితే తప్పు అనలేకపోయింది. వాషింగ్టన్‌కు ఆ ఓటు చాలా పనికొచ్చింది.

ఇక విమానాశ్రయం సంగతి. దీవికి అప్పటిదాకా ఉన్నది ఈశాన్య మూలలోని పెర్ల్స్ విమానాశ్రయం. రన్‌వే పొట్టిది, పెద్ద జెట్ విమానాలు దిగవు, రాత్రిపూట అసలే దిగవు. లండన్ నుంచో న్యూయార్క్ నుంచో వచ్చే పర్యాటకుడు బార్బడోస్‌లోనో ట్రినిడాడ్‌లోనో దిగి, వేరే చిన్న విమానం పట్టుకుని, ఆ తర్వాత కొండదారిలో రాజధాని సెయింట్ జార్జెస్ చేరాలి. ఇంత కష్టపడి ఎవరొస్తారు? నైరుతి కొసన పాయింట్ సలీన్స్ దగ్గర పెద్ద రన్‌వే కట్టాలన్న ఆలోచన బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నదే. డబ్బే లేదు. బిషప్ ప్రభుత్వం ఆ పాత ఫైలు దుమ్ము దులిపింది. క్యూబా ఇంజినీర్లను, కూలీలను, యంత్రాలను పంపింది. లిబియా, అల్జీరియా వంటి దేశాలు సాయం చేశాయి. అయితే ఉప్పు మడుగు పూడ్చే పనిలో మయామీకి చెందిన అమెరికన్ కంపెనీ ఉంది. సమాచార, దిశానిర్దేశ పరికరాలు బ్రిటిష్ కంపెనీ ప్లెస్సీవి, దానికి బ్రిటన్ ప్రభుత్వ హామీ కూడా ఉంది. రన్‌వే పొడవు 9,000 అడుగులు. పర్యాటకం మీద బతికే పక్క దీవుల్లో అంతకన్నా పొడవైనవీ ఉన్నాయి.

1983 మార్చిలో బిషప్ అలీన దేశాల శిఖరాగ్ర సభ కోసం ఢిల్లీ వచ్చాడు. ఆ సభ జరుగుతున్న రోజుల్లోనే, మార్చి 10న, వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ మాట్లాడుతూ, ఇక్కడ ప్రశ్న జాజికాయ గురించి కాదు, అమెరికా జాతీయ భద్రత గురించి అన్నాడు. మార్చి 23న టీవీ ప్రసంగంలో నిఘా ఫొటో చూపించి, వైమానిక దళమే లేని గ్రెనడాకు పది వేల అడుగుల రన్‌వే ఎందుకని అడిగాడు. ప్లెస్సీ వాళ్ళు మాత్రం ఇది పౌర విమానాశ్రయమేనని, సైనిక స్థావరానికి కావలసిన ఏర్పాట్లు ఇందులో లేవని చెబుతూనే ఉన్నారు. సోవియట్, క్యూబా, ఉత్తర కొరియాలతో బిషప్ ప్రభుత్వం ఆయుధ ఒప్పందాలు చేసుకున్న మాట నిజం. దాడి తర్వాత దొరికిన కాగితాల్లో అవి బయటపడ్డాయి. కానీ దీవికి పెద్ద విమానాశ్రయం అవసరమన్నదీ అంతే నిజం.

ఆ జూన్‌లో బిషప్ అమెరికా వెళ్ళి రీగన్ భద్రతా సలహాదారు విలియం క్లార్క్‌ను కలిశాడు. సర్దుబాటుకు చిన్న దారి దొరికేదేమో. ఈలోగా ఇంటి గొడవే కొంప ముంచింది. పార్టీలో నాయకత్వాన్ని ఇద్దరూ పంచుకోవాలని ఉప ప్రధాని బెర్నార్డ్ కోర్డ్ వర్గం పట్టుబట్టింది. బిషప్ ముందు ఒప్పుకుని తర్వాత వెనక్కి తగ్గాడు. అక్టోబర్ 13న గృహనిర్బంధంలో పెట్టారు. 19న వేల మంది జనం వెళ్ళి ఆయన్ని విడిపించుకుని, రాజధాని మీదుండే కోటకు తీసుకెళ్ళారు. ఆ కోటకు బిషప్ తండ్రి పేరే ఉండేది, ఫోర్ట్ రూపర్ట్. సైన్యం వచ్చి జనం మీద కాల్పులు జరిపింది. బిషప్‌ను, మంత్రి జాక్విలిన్ క్రెఫ్ట్‌ను, మరికొందరు సహచరులను గోడకు నిలబెట్టి కాల్చి చంపారు. ఆ తర్వాత నాలుగు రోజులు కర్ఫ్యూ. బయట కనిపిస్తే కాల్చేస్తామని హెచ్చరిక.

అక్టోబర్ 25 తెల్లవారుజామున అమెరికా దిగింది. చెప్పిన కారణాలు మూడు: సెయింట్ జార్జెస్ వైద్య విశ్వవిద్యాలయంలో చదువుతున్న తమ విద్యార్థుల భద్రత, తూర్పు కరీబియన్ దేశాల సంస్థ చేసిన అభ్యర్థన, బ్రిటన్ రాణి ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ పాల్ స్కూన్ పిలుపు. రీగన్ ఆ వార్త ప్రకటించినప్పుడు పక్కన నిలబడ్డది డొమినికా ప్రధాని యూజీనియా చార్లెస్. జమైకా, బార్బడోస్ బలగాలు కూడా పంపాయి. ట్రినిడాడ్, గయానా, బహమాస్, బెలీజ్ ఒప్పుకోలేదు. కరీబియన్ కుటుంబం రెండుగా చీలింది. గ్రెనడాకు రాజ్యాధిపతి బ్రిటన్ రాణి. అయినా ఆమె ప్రభుత్వాన్ని సరిగా సంప్రదించకుండానే దాడి జరగడంతో బ్రిటన్ ప్రధాని థాచర్ రీగన్ మీద మండిపడింది. పోరులో 19 మంది అమెరికన్లు, 25 మంది క్యూబన్లు, 45 మంది గ్రెనడా సైనికులు, 24 మంది పౌరులు చనిపోయారు. పౌరుల్లో చాలామంది, బాంబు పడిన మానసిక వైద్యశాలలోని రోగులు.

భద్రతా మండలిలో ఖండన తీర్మానానికి పదకొండు ఓట్లు పడితే అమెరికా వీటో చేసింది. నవంబర్ 2న సర్వసభ్య సభ 108-9 తేడాతో దాడిని తప్పుపట్టింది, 27 దేశాలు తటస్థంగా ఉన్నాయి. మరోవైపు గ్రెనడా వీధుల్లో చాలామంది అమెరికన్ సైనికులకు చేతులూపి స్వాగతం పలికారు. ఈ రెంటినీ కలిపి చెప్పకపోతే గ్రెనడా చరిత్ర అబద్ధమైపోతుంది. తమ నాయకుణ్ణి తమ సైన్యమే చంపి, కర్ఫ్యూలో ఇళ్ళల్లో బంధించిన జనానికి ఆ పూట అంతర్జాతీయ చట్టం కంటే తలుపు తెరుచుకోవడమే ముఖ్యం.

నెల తిరిగేసరికి కామన్వెల్త్ దేశాధినేతలు ఢిల్లీలో కలిశారు, అధ్యక్షత ఇందిరా గాంధీది. దాడిలో పాల్గొన్నవాళ్ళు, దాన్ని తిట్టినవాళ్ళు ఒకే బల్ల చుట్టూ కూర్చోవలసి వచ్చింది. తప్పెవరిదో తేల్చకుండా, ముందు సంగతి చూద్దామన్నారు. అయితే ఆ సభ ఒక మంచి పని చేసింది. ఇంత చిన్న దేశాల భద్రతకు ఏం చేయాలో ప్రత్యేకంగా అధ్యయనం చేయించాలని నిర్ణయించింది. ఆ నివేదిక 1985లో వచ్చింది. చిన్న దేశాల సమస్యలను విడిగా చూసే పద్ధతికి అదొక పునాది.

విమానాశ్రయాన్ని అమెరికా ఏం చేసిందనుకుంటున్నారు? తన డబ్బుతో పూర్తి చేసింది. 1984 అక్టోబర్‌లో తెరిచారు. ముప్పు అన్న రన్‌వే మీదే 1986 ఫిబ్రవరిలో రీగన్ వచ్చి దిగాడు. బిషప్ పేరు పెట్టడానికి మాత్రం 2009 మే 29, ఆయన పుట్టినరోజు దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అమెరికాకు గ్రెనడా మీద ఆసక్తి పోయింది. సాయం సన్నగిల్లింది. 1985లో చైనాను గుర్తించిన గ్రెనడా, 1989లో తైవాన్ వైపు తిరిగింది, తైవాన్ అప్పులూ సాయాలూ వచ్చాయి. 2004 సెప్టెంబర్ 7న ఐవన్ తుపాను విరుచుకుపడింది. 39 మంది చనిపోయారు, పదిళ్ళలో తొమ్మిది దెబ్బతిన్నాయి, నాటిన ఏడెనిమిదేళ్ళకు గాని కాపుకు రాని జాజి చెట్లు నేలకూలాయి. 2007 క్రికెట్ ప్రపంచ కప్ కోసం సిద్ధం కావలసిన స్టేడియం పాడైపోయింది. 2005 జనవరిలో ప్రధాని కీత్ మిచెల్ తైవాన్‌ను వదిలి బీజింగ్‌తో చేయి కలిపాడు. చైనా కూలీలు వచ్చి స్టేడియం కట్టారు. 2007 ఫిబ్రవరిలో దాని ప్రారంభోత్సవంలో పోలీసు బ్యాండు పొరపాటున తైవాన్ జాతీయ గీతం వాయించింది. చైనా రాయబారి ముందే జరిగింది. ప్రధాని క్షమాపణ చెప్పాడు. పదహారేళ్ళు ఒక గీతం నేర్చుకున్న బ్యాండు అది.

తైవాన్ తన బాకీ వదల్లేదు. దాని ఎగుమతి దిగుమతి బ్యాంకు న్యూయార్క్ కోర్టుకెళ్ళి గెలిచింది. గ్రెనడా కట్టలేకపోయేసరికి, విమాన సంస్థలు, ఓడ కంపెనీలు గ్రెనడా విమానాశ్రయ, రేవు సంస్థలకు చెల్లించే రుసుములను పట్టుకునే ప్రయత్నం చేసింది. మళ్ళీ ఆ రన్‌వే దగ్గరికే వచ్చి ఆగింది వ్యవహారం. ఆ సంస్థలు ప్రభుత్వానికి వేరని కోర్టు తేల్చడంతో గండం గడిచింది. చివరికి బాకీని సగానికి తగ్గించి రాజీపడ్డారు. ఆ పాఠంతో గ్రెనడా అప్పు పత్రాల్లో తుపాను షరతు రాయించుకుంది: పెద్ద తుపాను వస్తే కొంతకాలం వాయిదాలు కట్టనక్కర్లేదు. 2024 జూలైలో బెరిల్ తుపాను గ్రెనడాకే చెందిన కారియాకూ దీవిని నేలమట్టం చేశాక ఆ షరతును వాడుకుంది. ఏ ఒక్క కూటమి ఇచ్చిన సాయం కన్నా ఈ షరతే గ్రెనడా దౌత్యానికి పెద్ద గెలుపని నా అభిప్రాయం.

ఇప్పుడు గ్రెనడా ఎవరితోనూ తెగతెంపులు చేసుకోకుండా నడుస్తోంది. 2014లో క్యూబా, వెనిజువెలాల కూటమి ఆల్బాలో చేరింది. ఆసుపత్రుల్లో క్యూబా వైద్య సిబ్బందిని పెట్టుకుంది. చైనా రుణంతో విమానాశ్రయాన్ని బాగుచేయించుకుంది. పెట్టుబడికి పౌరసత్వం అమ్మే పథకం నడుపుతోంది. అమెరికాతో ఉన్న పెట్టుబడి ఒప్పందం వల్ల ఆ పాస్‌పోర్టుకు అదనపు గిరాకీ. 2024 నవంబర్‌లో గయానాలో భారత్-కరికామ్ (కరీబియన్ దేశాల కూటమి) సభకు మోదీతో కలిసి అధ్యక్షత వహించింది గ్రెనడా ప్రధాని డికన్ మిచెలే. ఈ తీరు ఎంత తెలివైనదైనా, 2025లో అమెరికా క్యూబా వైద్యులను పెట్టుకున్న దేశాల అధికారులకు వీసాలు ఆపుతామనడంతో ఇరుకున పడింది. తర్వాత అమెరికా రాడార్‌కు చోటు అడిగింది.

గ్రెనడా అవుననలేదు, కాదనలేదు. సాంకేతికంగా, చట్టపరంగా పరిశీలించాలంది. ఆ నవంబర్‌లో పక్కనున్న టొబేగో విమానాశ్రయం దగ్గర అమెరికా రాడార్ వెలిసింది.

అమెరికా అడిగిన సంగతి బయటపడిన పది రోజులకు అక్టోబర్ 19 వచ్చింది. గ్రెనడాలో 2023 నుంచి ఆ రోజు జాతీయ వీరుల దినం. కోటలో చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజు. బిషప్ దేహం ఇప్పటికీ దొరకలేదు.