అడవి స్ట్రాబెర్రీ సంకరం: అపోహలు - వాస్తవాలు

"అడవి జాతితో సంకరం చేసిన రకమట, మన ఎండకు ఆగుతుంది కదా?" స్ట్రాబెర్రీ సంకరణమే నా వృత్తి కావడంతో ఈ ప్రశ్న నాకు ప్రతి వేసవికి ముందూ ఎదురవుతూనే ఉంటుంది. రైతు డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కనుక దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అడవి మొక్క అంటే అన్నిటినీ తట్టుకునే మొండి మొక్క అనుకోవడం అపోహ. దాని నుంచి మేము కోరుకునేది ఒకటి రెండు గుణాలే. తక్కినవాటిని తరతరానికీ వదిలించుకుంటూ వస్తాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాయిస్ బ్రింగ్‌హర్స్ట్, విక్టర్ వోత్ చేసింది అదే. యూటా రాష్ట్రపు వాసాచ్ పర్వతాల్లో దొరికిన ఫ్రాగేరియా వర్జీనియానా అనే అడవి స్ట్రాబెర్రీ మొక్క పగటి నిడివితో నిమిత్తం లేకుండా పూస్తుండడంతో, దాని పుప్పొడిని సాగు రకాలపై వాడి, పుట్టిన సంతానాన్ని మళ్లీ మళ్లీ సాగు రకాలతోనే కలిపి, 1979లో ఆప్టోస్, బ్రైటన్, హెకర్ అనే డే న్యూట్రల్ (పగటి నిడివితో పనిలేకుండా పూసే) రకాలను విడుదల చేశారు. మంచు పడే కొండల మీది మొక్క మనకు ఎండను ఓర్చే గుణాన్ని ఎక్కడి నుంచి తెచ్చిపెడుతుంది? అది తీసేసింది పగటి నిడివి అనే షరతును మాత్రమే. ఉష్ణోగ్రత 30 డిగ్రీల దరిదాపుల్లో రోజుల తరబడి నిలిస్తే ఈ రకాలు కూడా పూత తగ్గించుకుంటాయి.

మైదాన ప్రాంతపు రైతు ఒకరు, పన్నెండు నెలలూ కాపు ఉంటుందన్న మాట నమ్మి, ఫిబ్రవరిలో రన్నర్లు (తల్లి మొక్క తీగలకు వచ్చే పిలకలు) నాటించారు. మే నెలలో ఆయన పంపిన ఫొటోలో ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి, మొక్క మధ్యలో ఒక్క మొగ్గ కూడా లేదు. "నీళ్లు తక్కువ పెట్టానా సార్?" అని ఆయన తనను తానే నిందించుకుంటుంటే నాకు బాధ కలిగింది. తప్పు ఆయన నీళ్లది కాదు, ఆయనకు మొక్కలు అమ్మిన నోటిది. లంబసింగిలో ఈ పంటను చలికాలంలో పండిస్తున్నది ఊరికే కాదు.

ఇక ఈ సంకర రకాలు జన్యుమార్పిడి పంట అన్న పుకారు. మొగ్గ విచ్చుకోకముందే పట్టకారుతో పుప్పొడి తిత్తులు గిల్లివేసి, కుంచెతో అడవి మొక్క పుప్పొడి అద్ది, కాగితపు సంచి తొడుగుతాం; అంతే. అసలు సాగు స్ట్రాబెర్రీయే 18వ శతాబ్దపు ఐరోపా తోటల్లో చిలీ జాతి, వర్జీనియా జాతి కలిసి పుట్టిన సంకరం.

హిమాలయాల అడవి స్ట్రాబెర్రీని తెచ్చి నేరుగా కలపవచ్చన్నది మరొక ఆశ. ఆ జాతికి, అంటే ఫ్రాగేరియా నుబికోలాకు, క్రోమోజోములు 14, సాగు మొక్కకు 56. సంతానం పుట్టినా చాలావరకు గొడ్డుదే, కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేస్తే తప్ప ముందుకు సాగదు. పసుపు పూలు పూసే మొక్కనైతే దయచేసి నాకు పంపవద్దు, అది ఫ్రాగేరియా, అంటే స్ట్రాబెర్రీ, కాదు.

తొలి తరం పండు చిన్నదైతే సంకరం విఫలమైనట్టేనని కొందరు విద్యార్థులు కూడా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. బఠాణీ గింజంత, ముట్టుకుంటే చితికిపోయే పండ్లను చూసి ఆ వరుస మొత్తం పీకించబోతుంటే, మా గురువుగారు ఒక పండు తుంచి నా ముక్కు దగ్గర పెట్టారు. ఆ వాసన తగిలాక వరుసలో ఒక్క మొక్కను కూడా పీకలేదు.