వెబ్‌సైట్లలో తెలుగు బొమ్మ ఎందుకైంది?

హనుమకొండలో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసి చెయ్యి తిరిగిన డిజైనర్లే బళ్లకూ ఆస్పత్రులకూ వెబ్‌సైట్లు గీసిపెట్టడం మామూలే. ఫోటోషాప్‌లో పేజీ చేసి, జేపీజీ తీసి, కోడ్ రాసేవాళ్ల చేతికిస్తారు. ఓపీ వేళలు, ఫీజు గడువు అన్నీ ఆ బొమ్మలోనే. చూపులేని మనిషి ఫోన్‌లో, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అక్కడికి రాగానే 'ఇమేజ్' అని ఊరుకుంటుంది.

ఈ పద్ధతి ఇక్కడ పుట్టింది కాదు. తొలినాళ్ల వెబ్‌లో పేజీని అందంగా అమర్చే దారి లేక, ప్రపంచమంతా టేబుళ్ల గళ్లలో బొమ్మముక్కలు పేర్చింది. విషయం వేరుగా, రూపం వేరుగా ఉండాలని 1994లో హోకాన్ వియుమ్ లీ సీఎస్‌ఎస్‌ను, అంటే పేజీ రంగులూ అమరికా విడిగా రాసుకునే భాషను ప్రతిపాదించాడు. 1996 డిసెంబరులో అది వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది. బ్రౌజర్లు మాత్రం చాలాకాలం దాన్ని తలోరకంగా చూపించాయి. డిజైనర్లకు గురి కుదిర్చింది 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్ అనే వెబ్‌సైట్. అందులో విషయం ఉండే హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. సీఎస్‌ఎస్ రాసిన స్టైల్‌షీట్ మారితే చాలు, పేజీ గుర్తుపట్టలేనంతగా మారిపోయేది.

మనకు ఇంకో ముడి ఉంది. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన 'క' తెరమీద 'క'లాగే కనిపిస్తుంది, ఫైల్లో మాత్రం ఇంగ్లిష్ గుర్తుగా ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అంతా పిచ్చిగీతలే. కాబట్టి బొమ్మగా పెట్టడమే అప్పట్లో క్షేమం; ఆ డిజైనర్లను తప్పుపట్టలేం. ఇప్పుడు ప్రతి తెలుగు అక్షరానికీ సొంత గుర్తు ఉండే యూనికోడ్‌లో మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కారణం పోయింది, అలవాటు మిగిలింది.

చట్టమూ మారింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తర్వాత, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

డిజైనర్ చేతిలో ఉన్నవి చాలా చిన్న పనులు. వెబ్ అందరికీ అందేలా డబ్ల్యూ3సీ 2008లో ఇచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 సూచనల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి. మనకిష్టమైన పసుపు మీద ఎరుపు 3.7 దగ్గరే ఆగిపోతుంది. అదే పసుపు మీద ముదురు మెరూన్ వేస్తే 10 దాటుతుంది, శుభలేఖ కళా తగ్గదు. లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరం సైజుకు 1.2 రెట్లు పెడితే 'రాష్ట్రం'లోని ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, 1.6 పైన పెడితే ఊపిరాడుతుంది. డబ్బా ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తే, అక్షరాలు పెద్దవి చేసుకున్న పెద్దాయనకు చివరి వరుస తెగిపోతుంది.

ఇవన్నీ క్లయింట్ 'ఓకే' అనకముందే తేలాలి. ఆ తర్వాత కోడ్ రాసేవాళ్లు రంగు మార్చలేరు, అక్షరం జరపలేరు. అందుకే సీఎస్‌ఎస్ ముందుగా నేర్పాల్సింది గీసేవాళ్లకే.