పాత స్పోర్ట్స్ కారుకు పెద్ద బ్రేకులు: ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయవాడ ఆటోనగర్‌లో మాది బ్రేకుల పని. లారీల మధ్యలో అప్పుడప్పుడు పాత హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి బండ్లు కూడా వస్తుంటాయి. వాటిని ముచ్చటపడి కొనుక్కున్న కుర్రాళ్లు ఫోన్‌లో ఎర్ర కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగం) ఫొటో చూపించి "అన్నా, ఇది మన బండికి పడుతుందా?" అని అడుగుతారు. పడుతుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఉన్న బ్రేకు ఎందుకు సరిగా పట్టడం లేదో చూడాలి. ఎక్కువ బండ్లలో కంపెనీ ఇచ్చిన బ్రేకే పూర్తిగా పనిచేస్తూ ఉండదు.

అపోహ: పెద్ద డిస్కు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

వాస్తవం: బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, కారును ఆపేది టైరు. పెడల్ గట్టిగా తొక్కితే చక్రం లాక్ అవుతోందంటే, లేదా ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) పనిచేయడం మొదలుపెడుతోందంటే, టైరు తట్టుకోగలిగినదాని కంటే బ్రేకు బలమే ఎక్కువ ఉందని అర్థం. ఆ బండికి ఎంత పెద్ద డిస్కు వేసినా మొదటి బ్రేకుకు దూరం తగ్గదు. టైరు పక్కన డాట్ అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైన టైరు. దాని మీద తిరుగుతూ కాలిపర్ల ధర అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

పెద్ద డిస్కు ఉపయోగపడేది వేడి దగ్గర. 1,100 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టే వేడితో దాదాపు లీటరున్నర నీళ్లు మరిగే దాకా వస్తాయి. అదంతా మూడు నాలుగు సెకన్లలో, ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల్లోకే వెళుతుంది. వేగం 140 అయితే వేడి దాదాపు రెట్టింపు. ఒక్కసారి ఆగడానికి చిన్న డిస్కూ చాలు. వరసగా పదిసార్లు ఆగాల్సి వస్తేనే తేడా తెలుస్తుంది. గుంటూరు వైపు హైవేలో కాజ టోల్ దాకా మామూలుగా వెళ్లి వచ్చే బండికి ఆ అవసరం రాదు. ట్రాక్ మీదకు తీసుకెళ్లేవాళ్లకు, ఘాట్ రోడ్లలో బలంగా నడిపేవాళ్లకు వస్తుంది.

పెద్దది వేయాల్సిందే అనుకుంటే, అదే కుటుంబంలో పెద్ద ఇంజన్ ఉన్న కారు భాగాలు వెతకడం నా పద్ధతి. మాజ్డా ఎంఎక్స్-5 సంగతి చూడండి. మొదటి 1.6 మోడల్‌కు ముందు డిస్కు 235 మి.మీ., తర్వాత వచ్చిన 1.8కి 255 మి.మీ. పాత 1.6 ఉన్నవాళ్లు 1.8 డిస్కులు, బ్రాకెట్లు తెచ్చి వేసుకోవడం ప్రపంచమంతా జరుగుతున్న పనే. ఎవరో లేత్ మీద కోసిన బ్రాకెట్ కంటే అది నయం. డిస్కు పెరిగితే 14 అంగుళాల రిమ్ములో కాలిపర్ పట్టకపోవచ్చు. అప్పుడు రిమ్ములు, టైర్లు, ఖర్చు అన్నీ కలిసి పెరుగుతాయి.

అపోహ: బెజవాడ ఎండకే బ్రేక్ ఆయిల్ మరిగిపోతుంది.

వాస్తవం: మన ఎండలు 45 డిగ్రీలు దాటినా, కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. ఇక్కడ డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు, టైరు మీద వరుస కాదు. అసలు శత్రువు తేమ. బ్రేక్ ఆయిల్ గాలిలోని నీటిని మెల్లగా పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరిన డాట్ 4కు ప్రమాణం అడిగే మరిగే ఉష్ణోగ్రత 155 డిగ్రీలే, డాట్ 3కి 140. కృష్ణ ఒడ్డున, ఏడాదిలో సగం ఉక్కపోతతో ఉండే ఊరు మనది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. సగం వాడి మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఆయిల్‌ను మా షెడ్డులో వాడనివ్వను.

బ్రేకు పట్టలేదని వచ్చినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగలేదా, లేక పెడల్ కిందికి దిగిపోయిందా? గట్టిగానే ఉండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేశాయి. స్పాంజిలా కిందికి పోతే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి, లేదా లైన్లో గాలి ఉంది. మొదటిదానికి ప్యాడ్లు మార్చాలి, రెండోదానికి ఆయిల్ మార్చి గాలి తీయాలి. ఈ రెండూ చేయకుండా కాలిపర్లు మారిస్తే జబ్బు అక్కడే ఉంటుంది.

అపోహ: డాట్ 4 కంటే డాట్ 5 మంచిది, అంకె పెద్దది కదా.

వాస్తవం: డాట్ 5 సిలికాన్ ఆయిల్, జాతే వేరు. డాట్ 3, 4, 5.1లతో దాన్ని కలపకూడదు. ఏబీఎస్ ఉన్న బండికి అసలే వద్దు. పేరు దగ్గరగా ఉన్నా 5.1 డాట్ 4 జాతిదే.

అపోహ: రంధ్రాలున్న డిస్కులు చల్లగా ఉంటాయి, కాబట్టి బాగా ఆగుతాయి.

వాస్తవం: రంధ్రం చేస్తే వేడిని మోసే ఇనుమే తగ్గుతుంది. చౌక డిస్కుల్లో ఆ రంధ్రాల చుట్టూనే పగుళ్లు మొదలవుతాయి. వానలో తడి త్వరగా వదిలిస్తాయి, చూడ్డానికి బాగుంటాయి, అంతవరకే. రోడ్డు మీద తిరిగే బండికి మధ్యలో గాలి దారులున్న మామూలు డిస్కు చాలు. మందం మాత్రం కొలవండి. కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది.

అపోహ: వెనుక డ్రమ్ములు పీకేసి డిస్కులు పెట్టడమే అసలైన అప్‌గ్రేడ్.

వాస్తవం: దీన్ని చేయించుకోవాలని వచ్చేవాళ్లను ఆపడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలి వెనుక టైర్ల మీద తగ్గుతుంది. అందుకే కంపెనీ వెనుక బ్రేకును కావాలనే తక్కువ బలంతో పెడుతుంది. ముందు చక్రాలు ముందుగా లాక్ అయితే బండి తిరగనంటుంది కానీ తిన్నగానే పోతుంది. వెనుకవి ముందుగా లాక్ అయితే తోక తిరిగి బండి అడ్డం పడుతుంది. ఏబీఎస్ లేని తేలిక బండిలో, వానాకాలం రోడ్డు మీద అది జరిగితే స్టీరింగ్‌తో సరిచేసుకునే టైమ్ ఉండదు. వెనుక డిస్కు పెట్టాలంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే భాగం), ప్రెషర్ తగ్గించే వాల్వు, హ్యాండ్‌బ్రేకు అన్నీ లెక్క చూసుకోవాలి. ఆ లెక్క చూడకుండా పాత బండి ముక్కలు తెచ్చి బిగిస్తామనేవాళ్లు మా వీధిలోనే దొరుకుతారు. నేనైతే చేయను. డ్రమ్ములు విప్పి, వీల్ సిలిండర్లు మార్చి, కొత్త లైనర్లు (డ్రమ్ముకు రాసుకునే పట్టీలు) వేసి, అడ్జస్ట్‌మెంట్ సరిచేస్తే చాలా బండ్లలో ఆ కోరికే పోతుంది.

డ్రమ్ము విప్పినప్పుడు ఇంకో మాట. లోపలి దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదించకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవాలి.

అపోహ: పెడల్ ఎంత గట్టిగా ఉంటే బ్రేకు అంత మంచిది.

వాస్తవం: 20.64 మి.మీ. మాస్టర్ సిలిండర్ తీసి 22.22 వేస్తే పెడల్ గట్టిపడుతుంది. కానీ లోపలి వైశాల్యం 16 శాతం పెరుగుతుంది కాబట్టి, అదే ప్రెషర్ రావడానికి కాలు అంత ఎక్కువ బలం పెట్టాలి. స్టీల్ అల్లిక హోసులూ అంతే, కాలికి స్పష్టత ఇస్తాయి, దూరం తగ్గించవు. అయినా పాత రబ్బరు హోసులు మార్చమనే చెబుతాను. వయసైన హోసు లోపల ఉబ్బి దారి మూసుకుంటుంది. బ్రేకు వదిలినా ఆయిల్ వెనక్కి రాక, ఆ చక్రం పట్టేసి ఉంటుంది. బండి ఒక పక్కకు లాగుతుందని అలైన్‌మెంట్‌కు తిప్పి తిప్పి చివరికి మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇదొకటి.

అపోహ: రేసు ప్యాడ్లు వేస్తే ఇక తిరుగులేదు.

వాస్తవం: అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి బెంజ్ సర్కిల్ దగ్గర తొక్కితే మామూలు ప్యాడ్ కంటే తక్కువ పట్టొచ్చు. చాలా ప్యాడ్ల అంచున ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు స్థితిలో పట్టు, రెండోది వేడిలో పట్టు. 'ఈ' అనే అక్షరం కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ ఎక్కువ. రోడ్డు బండికి రెండూ ఎఫ్ ఉంటే బేరం కుదిరినట్టే.

అపోహ: బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికిందంటే డిస్కు వంగింది.

వాస్తవం: నిజంగా వంగిన డిస్కు అరుదు. ఎక్కువసార్లు ప్యాడ్ మెటీరియల్ ఒకచోట మందంగా అంటుకుంటుంది, లేదా డిస్కుకూ హబ్‌కూ (డిస్కు, చక్రం బిగించే భాగం) మధ్య తుప్పు ఉంటుంది. హబ్ తుడవకుండా కొత్త డిస్కు బిగిస్తే కొన్నాళ్లకు ఆ వణుకే తిరిగొస్తుంది. గన్‌తో వీల్ నట్లను ఒక్కోటి ఒక్కోలా బిగించినా అంతే.

అపోహ: సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పెట్రోలుతో కడిగితే శుభ్రం.

వాస్తవం: ఇది మా పనివాళ్లలో ఉన్న అపోహ. పెట్రోలు, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, కాలిపర్ పిన్నులకు బ్రేక్ గ్రీజే పూయాలి. మీ బండి విప్పినప్పుడు పక్కనే నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: కొత్త ప్యాడ్లు వేయగానే హైవే ఎక్కేయొచ్చు.

వాస్తవం: ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కుదరాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా, చక్రం లాక్ కాకుండా, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు వేగం తగ్గించండి. కాస్త వాసన రావచ్చు, టెన్షన్ పడకండి. తర్వాత బ్రేకు తొక్కకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు, హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, నేరుగా వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లొద్దు. ప్యాడ్ల తయారీదారు పెట్టె మీద వేరే పద్ధతి రాస్తే అదే పాటించండి.