మాయ పడేదాకా జున్నుపాలు ఆపకండి: గొర్రెల ఈతల కాలంలో అపోహలు, వాస్తవాలు

చలి ముదిరే కొద్దీ శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు చిన్న దొడ్ల నుంచి రాత్రివేళ నాకు వచ్చే ఫోన్లలో చాలా భాగం ఒకే మాటతో మొదలవుతాయి: “సారూ, గొర్రె ఈనింది, మాయ ఇంకా పడలె.” పిల్ల పాలు తాగిందా అని నేను అడిగితే అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత ఎదురు ప్రశ్న వస్తుంది: “మాయ పడకముందు ఎట్ల తాపుతం సారూ?” హైదరాబాద్ చుట్టుపక్కల 17 ఏళ్లుగా పశువైద్యం చేస్తున్న నా అనుభవంలో, గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుక రోగం కంటే, ఊరకుక్కల కంటే ఎక్కువ పిల్లలను పొట్టన పెట్టుకుంటున్నది ఈ ఒక్క నమ్మకమే.

మాయ పడకముందు జున్నుపాలు తాగితే పిల్లకు పారుడు పట్టుకుంటుందని, తల్లికి మాయ లోపలే నిలిచిపోతుందని చెబుతారు. జరిగేది దీనికి తలకిందులు. పిల్ల పొదుగును కుమ్ముతూ చీకినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. పాలు చేపించేదీ, గర్భసంచి ముడుచుకునేలా చేసేదీ ఆ హార్మోనే కాబట్టి, పిల్లను వేరే గుంజకు కట్టేసిన వారు మాయ పడటానికి అందే సాయాన్ని తామే ఆపుతున్నారు. సాధారణంగా మాయ 2 నుంచి 8 గంటల్లో దానంతట అదే పడుతుంది. 12 గంటలు దాటినా పడకపోతే వైద్యునికి చూపించాలే గాని, వేలాడే కొసకు బరువు కట్టడం, చేత్తో గుంజడం చేయకూడదు. అది తెగి ముక్క లోపల మిగిలితే గర్భసంచిలో చీము పడుతుంది.

అన్ని గంటలు పిల్ల ఎందుకు ఆగలేదో కూడా తెలియాలి. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే కొంత రోగనిరోధక శక్తి మాయ ద్వారా అందుతుంది. గొర్రె మాయ నిర్మాణం వేరు. తల్లి రక్తంలోని యాంటీబాడీలు దాన్ని దాటి పిల్లకు చేరవు. పిల్ల దాదాపు ఖాళీ చేతులతో నేల మీద పడుతుంది, తల్లి కూడబెట్టిన రక్షణ అంతా జున్నుపాలలో ఉంటుంది. ఆ యాంటీబాడీలను అరిగించకుండా యథాతథంగా రక్తంలోకి పీల్చుకునే శక్తి పిల్ల పేగులకు మొదటి ఆరు గంటల్లో బాగా ఉండి, ఆ తర్వాత వేగంగా తగ్గుతూ 24 గంటలయ్యేసరికి దాదాపు మూసుకుపోతుంది. పుట్టిన గంట, రెండు గంటల్లోపు మొదటి తాపు పడాలని, రోజు తిరిగేలోపు కనీసం పిల్ల బరువులో పదో వంతు, అంటే 3 కిలోల పిల్లకు 300 మిల్లీలీటర్లు కడుపులోకి వెళ్లాలని మేము పట్టుబట్టేది అందుకే.

తల్లి చచ్చిపోయినా, పాలు లేకపోయినా అప్పుడే ఈనిన మరో గొర్రెవో, మేకవో, ఆవువో జున్నుపాలు పట్టవచ్చు. ఫ్రీజర్‌లో దాచినవాటిని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి, పొయ్యి మీద కాచకూడదు. మనం జున్ను వండుకునేటప్పుడు వేడికి గడ్డకట్టే మాంసకృత్తుల్లో ఈ యాంటీబాడీలు కూడా ఉంటాయి. పిల్ల కోసం దాచిన పాలను మరిగించిన వారికి గిన్నెలో జున్ను మిగులుతుంది.

కొన్నేళ్ల కిందట చేవెళ్ల దగ్గర, ఉద్యోగ విరమణ చేసి 11 దక్కని గొర్రెలు పెంచుకుంటున్న దంపతుల దొడ్డికి వెళ్లాను. వారం రోజుల్లో ఐదు పిల్లలు పోయాయి. కొట్టం గుమ్మానికి నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు వేలాడుతున్నాయి. ఆ ఇంటావిడ ఆరో పిల్లను పాత శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, “దిష్టి తగిలింది బాబూ” అని కళ్లు తుడుచుకుంది. పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది, చీకడం లేదు, డొక్కలు లోపలికి అంటుకుపోయి ఉన్నాయి. తల్లి గొర్రె పొదుగు మాత్రం రాయిలా బిగిసి ఉంది. చన్ను చివర మైనం లాంటి బిరడా అలాగే ఉంది, పక్కనున్న ఉన్ని కొస పిల్ల ఎంగిలికి తడిసి పోగులు కట్టింది. పాపం అది అంతసేపు ఉన్ని చీకింది. నేను బిరడా పిండి తీయగానే తేనెలా చిక్కటి, పసుపుపచ్చని పాలు వేళ్లకు అంటుకున్నాయి. వారిని నిందించడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే వృత్తిలో చేరిన కొత్తలో నేను కూడా ఇలాంటి పిల్లలకు పారుడు మందులు రాసి, మొదటి తాపు ఎప్పుడు పడిందని అడగకుండానే వెనక్కి వచ్చిన వాణ్ణి. ఆ ఆరో పిల్ల దక్కింది. అయితే పాలు వెంటనే పట్టలేదు. తల ఎత్తలేనంత చల్లబడిన పిల్లకు ముందు ఒళ్లు వెచ్చబరచాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మిగతా పుకార్ల మీద నాకు ఇంత ఓపిక లేదు. చూడి గొర్రెకు దాణా పెడితే పిల్ల పెద్దదై అడ్డం తిరుగుతుందన్నది తప్పు. ఐదు నెలల చూడిలో పిల్ల పెరుగుదల ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది, అప్పుడు తల్లిని మాడిస్తే, ముఖ్యంగా కవలలు ఉన్న గొర్రె, ఒంట్లోని కొవ్వు కరిగి కీటోసిస్ అనే జబ్బుతో కూలబడుతుంది. టీకా వేస్తే ఈసుకుపోతుందన్న భయంతో చిటుక రోగం టీకా మానుకునే వారు, ఈతకు మూడు నాలుగు వారాల ముందు వేసిన ఆ టీకాయే జున్నుపాల ద్వారా పిల్లను కాపాడుతుందని గ్రహించాలి. టీకా వేసేటప్పుడు గొర్రెను పరుగెత్తించి, కిందపడేసి పట్టుకోకుండా ఉంటే చాలు. ఆల్బెండజోల్ నట్టల మందు తొలి నెల చూడిలో తాపకూడదన్న మాట మాత్రం నిజమే. మాయను కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి, చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. మాయ ద్వారా అంటుకునే బ్రూసెల్లోసిస్ రోగం మనుషులకూ వస్తుంది, ఇంట్లో గర్భిణులు ఉంటే వారిని ఆ పనికి దూరంగా ఉంచండి.

ఈ కాలంలో పశువైద్య సేవల ఫోన్ నంబరు 1962కు గాని, మీ డాక్టరుకు గాని ఫోన్ చేసేటప్పుడు గొర్రె ఎన్ని గంటలకు ఈనింది, పిల్ల ఎన్ని గంటలకు తాగింది, రెండు చన్నుల నుంచీ పాలు వస్తున్నాయా అన్న మూడు సంగతులు ముందు చెప్పండి. మాయ సంగతి ఆ తర్వాత మేమే అడుగుతాం.