అన్నమయ్య పదం అందరిది, బాణీ మాత్రం కట్టినవారిది

నా రెండవ ఆల్బమ్ పని దాదాపు చివరికి వచ్చింది. అందులో ఏడు పాటలున్నాయి. ఐదు పాటలు ఒక మిత్రుడు కొత్తగా రాసినవి. మిగిలిన రెండూ అన్నమాచార్య సంకీర్తనలు, వాటికి గిటారు, డ్రమ్స్ నేపథ్యంతో నేనే బాణీలు కట్టుకున్నాను. ఈ సంగతి తెలిసిన నాటి నుండి తిరుపతిలోనూ, చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుండీ చాలామంది నన్ను కలుస్తున్నారు. పిల్లల చేత ఆల్బమ్ చేయించాలనుకునే తల్లిదండ్రులు, సంగీతం టీచర్లు, భజన బృందాలవారు, ఎవరు వచ్చినా కాసేపటికి ఒకే మాట దగ్గర ఆగుతున్నారు: "అన్నమయ్య పాటలకు హక్కుల గొడవ ఉండదు కదమ్మా, ఐదు వందల ఏండ్ల నాటివి కదా." గత నెలలో ఈ నమ్మకం వల్లనే నష్టపోయిన ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత, ఇక నోటిమాటతో సరిపెట్టడం భావ్యం కాదనిపించి ఇది రాస్తున్నాను.

ఆయన బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ పొందిన అయ్యవారు. కూతురు చక్కగా పాడుతుంది. పింఛను డబ్బులో నుండి కొంత తీసి, ఎనిమిది సంకీర్తనలు రికార్డు చేయించారు. స్టూడియో అద్దె, కీబోర్డు ప్రోగ్రామింగ్, వయొలిన్, తబలా, మిక్సింగ్, వీడియో అన్నీ కలిపి లక్షా పాతికవేలకు పైగా అయింది. యూట్యూబులో పెట్టిన మూడు రోజులకు ఎనిమిదింటిలో ఆరు పాటల మీద క్లెయిములు, అంటే ఈ సంగీతం మాదని ఇతరుల దావాలు, వచ్చాయి. ఆయన ఫోను నా ముందు పెట్టి, "నేను దొంగతనం చేసినానా అమ్మా? అన్నమయ్య పాటకు ఇంకొకరు హక్కుదారు ఎట్లయితారు?" అని అడిగినప్పుడు ఆయన చేయి వణుకుతూ ఉంది. ఆయన దొంగతనం చేయలేదు. ఆయనకు ముందుగా చెప్పవలసిన మాటను స్టూడియోలో గానీ, వాద్యకారులలో గానీ ఎవరూ చెప్పలేదు.

వాస్తవం ఇది. ఒక పాటలో చట్టం దృష్టిలో మూడు వేరువేరు వస్తువులున్నాయి: సాహిత్యం, సంగీతం, రికార్డింగు. మన 1957 కాపీరైట్ చట్టం సంగీత రచనను నిర్వచిస్తూనే అందులో పదాలు చేరవని స్పష్టంగా చెప్పింది. సాహిత్యానికీ, సంగీతానికీ కర్త జీవితకాలమంతా, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలు మరో 60 సంవత్సరాలూ హక్కు ఉంటుంది. రికార్డింగుకు అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు. అన్నమాచార్యులు 1503లో పరమపదించారు కనుక ఆయన పదం మీద నేడు ఎవరికీ కాపీరైట్ లేదు. ఇంతవరకు అయ్యవారు అనుకున్నది సరైనదే.

చిక్కు బాణీ దగ్గర ఉంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుండి 1922 ప్రాంతంలో వెలుగులోకి వచ్చిన, సంకీర్తనలు చెక్కిన రాగిరేకులలో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. దేవస్థానం ముద్రించిన సంకీర్తన సంపుటం ఏదైనా తెరిచి చూడండి. పైన రేకు సంఖ్య, రాగం పేరు, కింద పల్లవి, ఆ తరువాత సాధారణంగా మూడు చరణాలు కనిపిస్తాయి. స్వరం కనిపించదు. పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో, చరణం ఏ స్థాయికి చేరాలో, ఏ అక్షరం దగ్గర సంగతి (అదే పాదాన్ని కొద్దిగా మార్చి పాడే తీరు) వేయాలో రేకు చెప్పదు. అన్నమయ్య తన నోట ఎలా పాడారో మనకు అందలేదు. ఈ రోజు మనం వినే బాణీలలో అత్యధికం ఇరవయ్యవ శతాబ్దంలోనూ, ఆ తరువాతనూ మన కళ్లముందు తిరిగిన విద్వాంసులు కూర్చుని కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ దారి వేసినవారిలో ముఖ్యులు. ఆయన కన్నుమూసింది 1979లో. నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో వెళ్లిపోయారు. మన తిరుపతిలోనే ఉండి, వందల సంకీర్తనలకు బాణీలు కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చిలో మనకు దూరమయ్యారు. "వినరో భాగ్యము విష్ణుకథ" అనగానే మన గొంతులో తనంతట తానుగా పలికే ఆ బాణీ ఆయనదే. స్వరకర్త జీవితకాలాన్ని బట్టి లెక్కిస్తే రాళ్లపల్లి వారి బాణీలకు 2039 చివరి వరకు, గరిమెళ్ల వారి బాణీలకు 2085 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఒక సంస్థలో ఉద్యోగంలో ఉండగా, ఆ ఉద్యోగంలో భాగంగా కట్టిన బాణీ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు ఆ సంస్థకు చెందుతుంది; అప్పుడు అనుమతి అడగవలసిన చోటు మారుతుంది, అడగవలసిన అవసరం మారదు.

ఈ మాట చెప్పినప్పుడల్లా కొందరికి బాధ కలుగుతుంది. దేవుడి పాటకు హక్కులేమిటని అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఒక రేకు ముందు పెట్టుకుని, ఏ స్వరమూ లేని పదానికి ఊపిరి పోయడానికి ఆ పెద్దలు ఎంత కాలం వెచ్చించారో తలచుకుంటే, వారి పేరు కూడా వేయకుండా ఆ బాణీని మన ఆల్బమ్‌లో పెట్టుకోవడం ఎంత తప్పో కూడా అర్థం కావాలి. చాలా వీడియోల కింద "రచన: అన్నమాచార్య, సంగీతం: సంప్రదాయం" అని ఉంటుంది. స్వరకర్త పేరు తెలిసిన బాణీకి సంప్రదాయమని రాయడం నాకు మింగుడుపడని విషయం.

పేరు వేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. పేరు వేయడం మర్యాద, అనుమతి వేరు. "ముప్పై సెకన్ల లోపు అయితే వాడుకోవచ్చట" అనేది మరొక పుకారు. అటువంటి నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. దీనిని ఎవరు పుట్టించారో గానీ, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతూ అమాయకులను ముంచుతున్నది. దయచేసి దీనిని మరొకరికి పంపవద్దు.

నేను ఈ పాఠం తేలికగా నేర్చుకోలేదు. నా మొదటి ఆల్బమ్‌లో ఒక సంకీర్తన ఉంది. చిన్నప్పుడు మా వీధిలో రోజూ తెల్లవారుజామున వినిపించిన బాణీ అది. నాకు అది గాలి, నీరు లాంటిది అనుకున్నాను. తాళం మార్చి, కింద బేస్ గిటారు వేసి, ఇది పూర్తిగా నా పాటే అని నమ్మాను. విడుదలైన వారానికే క్లెయిమ్ వచ్చింది. ఆల్బమ్ మొత్తంలో జనం ఎక్కువగా విన్నది ఆ పాటనే, దాని మీద వచ్చిన ఆదాయమంతా హక్కుదారుకే వెళ్లింది. అది న్యాయమే. నా బాధ డబ్బు గురించి కాదు. ఆ బాణీ ఎవరు కట్టారో కనీసం అడిగి తెలుసుకోకుండా పాడాననే బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ఈసారి రెండు సంకీర్తనలకూ సొంత బాణీ కట్టాలని నిశ్చయించుకున్నాను. చాలామందికి ఇక్కడ ఇంకొక భయం ఉంటుంది: రేకు మీద ఉన్న రాగంలోనే, లేదా ప్రసిద్ధ బాణీ ఉన్న రాగంలోనే పాడితే కూడా క్లెయిమ్ వస్తుందేమోనని. రాగం ఎవరి సొత్తూ కాదు. అదే రాగంలో వేరే నడక, వేరే ఎత్తుగడ, వేరే సంగతులతో ఎవరైనా బాణీ కట్టుకోవచ్చు.

చట్టపరంగా మాట ఇంత సులువు, గొంతుకు మాత్రం చాలా కష్టం. మొదటి సంకీర్తనకు పల్లవి నాలుగు రోజులలో కుదిరింది. చరణం దగ్గరకు వచ్చేసరికి, రెండవ పాదం చివరి మాట మీద నేను దిగుతున్న తీరు ప్రతిసారీ చిన్ననాటి బాణీలోకే జారిపోయేది. నాకు తెలియలేదు. కీబోర్డు వాయించే తమ్ముడు ఒకచోట ఆపి, "అక్కా, మళ్లా పాతదానిలోకే పోతాండావు" అన్నాడు. నేను కాదన్నాను. అతను నా టేక్ నుండి ఆ నాలుగు సెకన్లు మాత్రం వేరు చేసి, పదాలు లేకుండా ఆ స్వరాలనే కీబోర్డు మీద వాయించాడు. పదం తొలగగానే పాత బాణీ నా చెవికి స్పష్టంగా దొరికింది. అప్పటి నుండి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. ప్రతి చరణాన్నీ ముందు మాటలు లేకుండా "న న న" అని రికార్డు చేస్తాము, అన్నమయ్య పాటలు బాగా తెలిసిన ఒకరికి వినిపిస్తాము, ఏ పాట గుర్తుకు వస్తున్నదని అడుగుతాము. వారు ఏ పేరైనా చెబితే ఆ పాదం తీసివేస్తాము. ఆ ఒక్క పాదానికి పదకొండు సార్లు తిరగరాసుకున్నాము. ఇప్పుడది పైషడ్జమానికి (పై స్థాయి "స"కు) వెళ్లకుండా పంచమం ("ప") దగ్గరే నిలిచిపోతుంది, ఆ నిలుపు కిందనే గిటారు మొదలవుతుంది. ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటు అదే.

సొంత బాణీ కట్టుకోలేనివారు, పాత బాణీనే పాడాలనుకునేవారు ఏం చేయాలి? ముందుగా ఆ బాణీ ఎవరిదో కనుక్కోవాలి. మన ఊరిలో ఇది పెద్ద కష్టం కాదు. సంగీత కళాశాలలో చదివినవారు, దేవస్థానం వేదికల మీద పాడేవారు చాలామంది చెప్పగలరు. ఆ తరువాత స్వరకర్తను, వారు లేకపోతే వారసులను లేదా హక్కు ఉన్న సంస్థను రాతపూర్వకంగా అడగాలి. ఎన్ని పాటలు, ఎక్కడెక్కడ విడుదల చేస్తారు, ఎంత కాలం అన్నది ఉత్తరంలో ఉండాలి. "మా నాన్న స్నేహితుడే, ఫోనులో సరేనన్నారు" అన్న మాట క్లెయిమ్ వచ్చిన రోజున అక్కరకు రాదు. చట్టంలో కవర్ వెర్షన్లకు, అంటే ఇదివరకే రికార్డయిన పాటను మళ్లీ పాడి రికార్డు చేయడానికి, 31సి అనే ఒక సెక్షన్ ఉన్న మాట నిజమే. అయితే దానికి ముందస్తు నోటీసు ఇవ్వాలి, మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి, కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ ముందే చెల్లించాలి, పాటను మార్చకూడదు. బాణీని పాప్ పద్ధతిలోకి మార్చుకోవాలనుకునే చిన్న కళాకారులకు అది అనువైన దారి కాదు. నేరుగా అనుమతి అడగడమే మేలు.

ఇప్పటికే విడుదల చేసి, క్లెయిమ్ చూసి నిద్రపట్టని వారికి ఒక మాట. క్లెయిమ్ అంటే కోర్టు కేసు కాదు, పోలీసులు ఇంటికి రారు. యూట్యూబులో పాటలను పోల్చి గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే యంత్రాంగం ద్వారా వచ్చే క్లెయిమ్ స్ట్రైక్ కిందకు రాదు. చాలా సందర్భాలలో వీడియో అలాగే ఉంటుంది, ఆదాయం మాత్రం హక్కుదారుకు వెళుతుంది. స్ట్రైక్ వేరు, అది వీడియో తీసివేయమని హక్కుదారు కోరినప్పుడు ఛానెల్ మీద పడే హెచ్చరిక. తొంభై రోజుల లోపు మూడు స్ట్రైకులు వస్తే ఛానెల్ పోయే ప్రమాదం ఉంది. క్లెయిమ్ కింద డిస్ప్యూట్ (అభ్యంతరం) బటన్ కనిపించగానే కోపంతో నొక్కవద్దు. బాణీ మీది అయితే, లేక అనుమతి పత్రం చేతిలో ఉంటే తప్పక నొక్కండి; అవతలివారు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. పాత రికార్డింగు లోపల ఉన్న వాద్య సంగీతాన్ని, లేదా నెట్టులో దొరికిన కరోకే ట్రాకును మీరు వాడి ఉంటే మాత్రం నొక్కవద్దు. ఆ ట్రాకు ఉచితంగా దిగుమతి అయినంత మాత్రాన మీకు లైసెన్సు వచ్చినట్లు కాదు.

మిగిలిన అపోహలను క్లుప్తంగా చెబుతాను. ఎలా పాడినా ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుందని అంటారు. అది స్వరాన్ని శ్రుతికి దగ్గర చేస్తుంది. తప్పిన ఉచ్చారణను, చోటు కాని చోట తీసుకున్న ఊపిరిని, గది ప్రతిధ్వనిని సరిచేయదు. ముహూర్తాల రోజులలో కిటికీ అవతల మోగే బ్యాండు మేళాన్ని కూడా మిక్సింగులో శుభ్రంగా తీయలేరు. అందుకే నేను పెళ్లిళ్ల సీజనులో రికార్డింగు రాత్రి పదకొండు తరువాతే పెట్టుకుంటాను. మాస్టరింగులో, అంటే విడుదలకు ముందు పాటకు చేసే చివరి మెరుగులో, శబ్దం ఎంత పెంచితే పాట అంత బాగా వినబడుతుందనేది కూడా తప్పే; స్ట్రీమింగు సంస్థలు చాలావరకు అన్ని పాటలనూ ఒక స్థాయికి తెచ్చి వినిపిస్తాయి, బాగా పెంచిన పాటను అవే తగ్గిస్తాయి. ఇక పెరుగు, చల్లని నీళ్లు స్వరపేటికను పాడు చేస్తాయని భయపడి పిల్లలను మాడ్చవద్దు. మింగినది అన్నవాహిక గుండా పోతుంది, స్వరతంత్రుల మీదుగా కాదు. రికార్డింగుకు ముందు రాత్రి కంటినిండా నిద్ర, రోజంతా తగినన్ని నీళ్లు, ఇవి ముఖ్యం.

కొత్త పాటలు రాయించుకునేవారు ఒకటి మరచిపోవద్దు. రాసినవారితో, ప్రోగ్రామింగ్ చేసినవారితో చిన్నదైనా సరే కాగితం రాసుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలపరిమితి రాయకపోతే చట్టం దానిని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. మా మిత్రుడి ఐదు పాటలకు మేము రెండు పేజీల ఒప్పందం రాసుకున్నాము, దాని వల్ల మా స్నేహం ఏమీ చెడలేదు.

అయ్యవారి ఎనిమిది పాటలను మేమిద్దరం ఒక ఆదివారం కూర్చుని వరుసగా విన్నాము. క్లెయిమ్ వచ్చిన ఆరింటిలో నాలుగింటి బాణీలు ఎవరివో తేలాయి, వాటికి అనుమతి కోరుతూ ఆయన తన దస్తూరీతోనే ఉత్తరాలు రాశారు. మిగతా రెండు పాటల వీడియోలను తీసివేశారు. వాటిలో ఒకదానికి వాళ్ల అమ్మాయి కొత్త బాణీ కడుతున్నది. మొన్న రాత్రి ఫోనులో పల్లవి, మొదటి చరణం "న న న" అని వినిపించింది. నాకు ఏ పాటా గుర్తుకు రాలేదు. రెండవ చరణం ఇంకా కుదరలేదట.